నడికట్టూ ఎక్సర్‌సైజులూ

మంగళవారం రాత్రి, పెనుకొండ

కోపంతో నిద్ర పట్టడం లేదు.

ఆపరేషన్ కాన్పుతో వదులైన నా కడుపు తగ్గాలని అత్త రోజూ పాత చీరతో నడికట్టు బిగిస్తుంది. ఆయనేమో ఫోన్‌లో చూపించి, వెల్లకిలా పడుకుని లేచే ఎక్సర్‌సైజులు చేయిస్తాడు. ఇద్దరికీ కాదని చెప్పలేక, కట్టు విప్పకుండానే అవీ చేస్తున్నాను. కుట్ల దగ్గర పీకినట్టు నొప్పి వస్తోందంటే, "నొప్పి వస్తాందంటే కొవ్వు కరుగుతాండాదని లెక్క" అన్నాడు.

ఈ రోజు పాపకు టీకా వేయించడానికి పోయాను. నేను వంగలేక అవస్థ పడడం చూసి నర్సమ్మ కట్టు విప్పించింది. ఎక్సర్‌సైజుల సంగతీ, నొప్పి సంగతీ ఆమెకు చెప్పాను.

"పిచ్చిదానా! ఇంత బిగించుకోని లేస్తే ఒత్తిడంతా కుట్ల మీదికి కాక యాడికి పోతాది? నొప్పి వస్తే ఆపాల. డాక్టరమ్మకు చూపించుకో. అందాకా మెల్లగా నడువు, చాలు" అని తిట్టింది.

ఇంటికొచ్చి, నర్సమ్మ అన్నదంతా సిగ్గు విడిచి ఇద్దరికీ చెప్పాను.

"నీ ఫోన్ చేసిన పని రా ఇది!" అంది అత్త.

"ఫోనేం చేసింది మా, నీ చీరే!" అన్నాడు ఆయన.

అన్నం చల్లారిపోయేదాకా వాదించుకున్నారు. నొప్పి ఇప్పుడెట్లుందని ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని, ఇంకా తగ్గలేదని...