ఐదు మాటల ట్యూషన్

నాచారం

ఉప్పల్ జ్ఞాపకశక్తి పరిశోధన కేంద్రంలోని మనస్విని గారికి కౌసల్యమ్మ నమస్కరించి రాయునది.

ఇంట్లో మా ఆయన ఎలా ఉంటున్నారో ఉత్తరం రాయమన్నారు కదా, రాస్తున్నాను. భూషణం గారి మతిమరుపు ఎప్పటిలాగే ఉంది. తిన్న కంచం ముందే కూర్చుని ఇంకా అన్నం పెట్టలేదంటారు. మీరు చదివి వినిపించిన ఐదు మాటలు, గొడుగు, నిమ్మకాయ, రైలు, దువ్వెన, బావి, ఇల్లు చేరేసరికి ఒక్కటీ మిగల్లేదు. మీ దగ్గర ఉచిత వైద్యానికి సీట్లు కొన్నేనని విన్నాను. మీరేం దిగులుపడకండి. నేను బడిలోనూ ఇంట్లోనూ జీవితమంతా పాఠాలు చెప్పినదాన్ని. మళ్ళీ పరీక్ష నాటికి ఆయన్ని తయారుచేసి పంపుతాను.

ఇట్లు,
కౌసల్యమ్మ, రిటైర్డ్ టీచర్

తా.క.: నాలుగు మాటలు వచ్చాయి. బావి దగ్గరే వెనకబడ్డారు.

ఉప్పల్

గౌరవనీయులైన కౌసల్యమ్మ గారికి మనస్విని నమస్కారాలు.

శుభవార్త. ఈసారి భూషణం గారు ఐదు మాటలూ గుక్కతిప్పుకోకుండా చెప్పేశారు. ఈ వయసులో ఇలాంటి జ్ఞాపకం అరుదు. అందుకని వైద్యం ఇవ్వాల్సినవారిలోంచి తీసి, ఆయన్ని ఆరోగ్యవంతుల జట్టులో చేర్చాం. ఇంట్లో ఆయనకు ఏం పెడుతున్నారో తెలియజేస్తే రాసుకుంటాం.

భవదీయ,
మనస్విని

తా.క.: ఇవాళ ఏ వారమని అడిగితే నిమ్మకాయ అన్నారు. మంచి హాస్యప్రియులు.

నాచారం

మనస్విని గారికి కౌసల్యమ్మ కోపంగా రాయునది.

ఫస్టు క్లాసులో పాసైనవాడికి సీటు లేకపోవడం లోకంలో ఎక్కడైనా ఉందా? స్నానం చేయిస్తూ, అన్నం కలిపి పెడుతూ, ముద్దకో మాట చొప్పున చెప్పించాను. తీరా మార్కులొస్తే ఆరోగ్యవంతుడని తోసేశారు. నిన్న ఆ ఆరోగ్యవంతుడు టిఫిన్ డబ్బా పట్టుకుని, ఎప్పుడో మూతపడ్డ ఫ్యాక్టరీకి డ్యూటీకి వెళ్ళారు. అక్కడిప్పుడు ఫంక్షన్ హాలుంది. మా వీధి ఆటో ఉపేందర్ చూసి వెనక్కి తీసుకొచ్చాడు. నాకు భయంగా ఉంది. వైద్యం దొరక్కపోతే ఈయన ఇంకెంత దూరం వెళ్ళిపోతారో.

ఇట్లు,
కౌసల్యమ్మ

తా.క.: పెళ్ళివాళ్ళు కడుపునిండా భోజనం పెట్టి పంపారు. ఇంటికొచ్చి అన్నం పెట్టలేదన్నారు.

ఉప్పల్

కౌసల్యమ్మ గారికి మనస్విని తల పట్టుకుని రాయునది.

నన్ను గారూ మీరూ అనకండి. తప్పు నాది కూడా, రెండోసారీ అవే మాటలు అడిగాను. అప్పుడే విన్నది కాసేపైనా నిలుస్తుందా అన్నదే మా పరీక్ష. అది స్వల్పకాలిక జ్ఞాపకం. మీలా పదేపదే వల్లెవేయిస్తే మాట దీర్ఘకాలిక జ్ఞాపకంలోకి దిగిపోతుంది. పాతవి ఆయనకు ఇంకా గట్టిగానే ఉన్నాయి, అందుకే ఫ్యాక్టరీ దారి మరవలేదు. కొత్తవి ఒకసారి వింటే నిలవడం లేదు. మార్కులు రానివారికే మా దగ్గర వైద్యం. వేరే మాటలతో మళ్ళీ పరీక్ష పెడతాను. ఒకటి మాత్రం దాచను. మందులు జబ్బు ముదరడాన్ని కాస్త నెమ్మదింపజేస్తాయి, అంతే. పోయింది తిరిగి రాదు.

మీ
మనస్విని

తా.క.: దయచేసి సిలబస్ అడగకండి.

నాచారం

చిరంజీవి మనస్వినిని కౌసల్యమ్మ ఆశీర్వదించి రాయునది.

ఆయనకు సున్నా వచ్చిందనీ, సీటు దొరికిందనీ నీ కబురు అందింది. నా చేతికింద చదివినవాళ్ళలో సున్నాతో సీటు తెచ్చుకున్నది ఈయనొక్కరే. సంతోషించాను. తర్వాత వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

సిలబస్ అడగొద్దన్నావు గానీ నా నోరు ఊరుకోలేదు. ఆ పాత ఐదు మాటలైనా ఆయనకు మిగలాలని రోజూ చెప్పిస్తూనే ఉన్నాను. నిన్న సాయంత్రం పాఠం మధ్యలో లేచి చెప్పులు వేసుకున్నారు.

"ఇగ పోత మేడం. మా కౌసల్య ఎదురుసూస్తది" అన్నారు.

నేనే కౌసల్యను అన్నాను. ఆయన మర్యాదగా నవ్వారు.

"మీ పేరు గూడ గదేనా?"

ఎంత చెప్పినా ఆగలేదమ్మా. చేయి పట్టుకుని వీధి చివరిదాకా నడిపించి, వెనక్కి తిప్పి తీసుకొచ్చాను. గేటు దగ్గర వదిలి, గబగబా ముందు నేను లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాను. ఆయన తట్టాక తీసి, వచ్చారా అన్నాను. నన్ను చూసి ఆయన ముఖం విప్పారింది.

ఇట్లు,
కౌసల్య

తా.క.: చెప్పులు విడుస్తూ, "ఆ టీచరమ్మ మస్తు సతాయిస్తది కౌసల్యా, రేపటి సంది నేను పోను" అన్నారు. వెళ్ళొద్దని చెప్పాను.