లోపలి గడియలు

యమునా,

గోడలు కొట్టించకముందు మన ఫ్లాటులో ఉన్నవి మూడు గదులు, కొడుకులు కోడళ్లతో ఆరుగురం కూర్చుని తినే ఒక బంతి. ఆ బంతికి హాలు సరిపోవడం లేదనే గోడలు తీయించి మడత తలుపులు పెట్టించాను. గడియలు లోపలివైపు బిగించమన్న తెలివి కూడా నాదే.

వడ్రంగి కొమురెల్లి పదింటికి వస్తాడు. ఆ గడియలన్నీ ఊడదీయించు. అనిల్ అడ్డొస్తే నా పేరు చెప్పు. నిన్న అన్నానికి పిలిస్తే తలుపు తీయకుండానే, "నువ్వు తిను బాపు, మాకు ఈడికే పంపియ్యమను అమ్మను" అన్నాడు. నువ్వు గదిగదికీ కంచాలు మోసి, చివరికి వంటింట్లో నిలబడి తిన్నావు. నేను చూశాను.

కొమురెల్లికి చాయ్ ఇవ్వడం మరిచిపోకు.

తేలిన లెక్క ఇదీ: మడత తలుపులు మూసుకుని హాలు కూడా గదులై, మూడు గదులు ఐదయ్యాయి. బంతిలో నేనొక్కణ్ణే మిగిలాను.