రాసిపెట్టని మా ఇంటి చట్టం

నాన్నా,

ఈరోజు నీ సంవత్సరీకం. సాలూరులో తమ్ముడు పెడుతున్నాడు. నేను ఇక్కడ కొండమీద, అత్తవారి కళ్లంలో చోడి కంకులు నూరుస్తున్నాను. నడుము ఎత్తలేకపోతున్నాను.

మన పెద్దలు దేశానికి రాజ్యాంగం రాస్తున్నారని నీ అల్లుడు పేపరు చదివి చెప్పారు. "మీ నాన్నుంటే ఆ పేపరు నమిలేసీవోడు," అని నవ్వారు. పోస్టుమాస్టరు గారితో అరుగు మీద నువ్వు పడే వాదన గుర్తొచ్చింది. ఇంగ్లండుకు ఒక్క పుస్తకంలో రాసిన రాజ్యాంగం లేదు, ఆచారాల మీదే నడవడం లేదా అనేవారాయన. అమెరికావాళ్లలా అంతా ఒక్కచోట రాసుకోవాలి, లేకపోతే పైనున్నవాడు మాట మార్చేస్తాడు అనేవాడివి నువ్వు.

ఈ ఇంట్లో కోతలయ్యేదాకా కోడలు పుట్టింటికి వెళ్లకూడదు. అది ఆచారం, ఎక్కడా రాసిలేదు. ఈ ఏడు కోతలు ముందే అయ్యాయి కదా అని భయపడుతూనే అత్తని అడిగాను.

"కోతలంటే నూర్పులు కూడానే, గుంటా. ఏటి, తెలీనట్టడుగుతావు?" అంది.

నువ్వే గెలిచావనుకున్నాను. కానీ పోయినేడు నీకు జబ్బని కబురొచ్చినప్పుడు చేను సగం కూడా కోయలేదు. అప్పుడు ఇదే అత్త, "ఆచారానికేటి, మనం పెట్టుకున్నదే. బేగెల్లి మీ అయ్యని సూసుకో," అని నా చేతిలో కొడవలి లాక్కుంది.

రాసి ఉంటే ఈరోజు నీ పేరున నాలుగు మెతుకులు నేనే వండేదాన్ని. రాసి ఉంటే పోయినేడు నీ చివరి గుక్క నీళ్లు నా చేత్తో పోసి ఉండేదాన్ని కాదు.

నిన్నే గెలిపించాలని ఉంది నాన్నా. చేతకావడం లేదు.