దుంగ తొడ

టేకుమట్ల

తమ్ముడు కిషన్‌కు అన్న కొమురెల్లి రాసేది.

పదకొండేండ్లయింది. అవ్వ పాడె మోసిన రోజు నువ్వన్న మాట నా ఒంట్లో ముల్లులా ఉన్నది. చిన్న కొడుకువని నిప్పుకుండ పట్టుకొని నువ్వు ముందు నడిచినావు. నేను వెనక కుడి పక్క భుజమిచ్చినాను. దింపుడు కల్లం ఇంకా యాభై అడుగులుండగానే నా కాలు మడతపడ్డది. అవ్వను దించగూడని చోట బురదలో దించవలసి వచ్చింది. నిప్పు పట్టినవాడు వెనక్కి తిరగకూడదు. నువ్వు తిరిగినావు. తిరిగి, ఊరంతా వినేటట్టు అన్నావు.

"తొడలేమో దుంగల్లెక్క పెంచినవ్, అవ్వను మొయ్యనీకి బలం లేదా అన్నా? తిని కూసున్న ఒళ్లు గిట్లనే ఉంటది!"

ఆనాటి నుంచి ఊళ్లో నా పేరు దుంగ. నేను వడ్ల బస్తా పట్టబోతే నిన్నమొన్నటి పోరలు కూడా, "దుంగ బాపూ, జర పక్కకు జరుగు" అంటారు. నేనూ నమ్మినాను కిషన్. సోమరినే కావచ్చు అనుకున్నాను. కాలు మొరాయించినప్పుడల్లా నా తొడను నేనే గుద్దుకున్నాను.

మొన్న మెట్ల మీద పడితే భూపాలపల్లి దవాఖానకు పోయినాను. అక్కడి డాక్టరమ్మ తొడకు చల్లటి జిగురు పూసి, సబ్బుబిళ్లంత మిషను పెట్టి అటూ ఇటూ తిప్పింది. టీవీలో నా తొడ లోపల అంతా తెల్లగా, పొగమంచు పట్టినట్టు కనిపించింది. "గిదేంది బిడ్డా?" అన్నాను. ఆమె కాంపౌండరును పిలిచి అతని తొడ మీద అదే మిషను పెట్టింది. నల్లగా ఉంది. అడుగున ఎముక గీత గీసినట్టు కనిపించింది. నాదాంట్లో ఆ గీతే లేదు.

"తాతా, నల్లగున్నది కండ, తెల్లగున్నది కొవ్వు. మిషన్ల కొలిచి చూసిన. నీ కండల సగానికెక్కువ కొవ్వే చేరింది. ఎన్నో ఏండ్ల సంది చేరుతాంది. పైకి తొడ లావుగనే కనవడ్తది, లోపల బలముండది. సోమరితనం కాదు, రోగం."

విన్నావా? రోగం. ఆ మాట కోసం పదకొండేండ్లు ఆగినాను.

తరువాత ఆమె, "మీ ఇంట్ల ఇంకెవరికన్న గిట్లున్నదా?" అని అడిగింది. "లేదు, మా తమ్ముడు పహిల్వాన్" అన్నాను. అబద్ధం చెప్పినాను. పోయిన నెల మానుకోట పెండ్లిలో భోజనాల బంతిలో కింద కూర్చున్నవాడివి లేవడానికి నువ్వు రెండు చేతులు తొడల మీద ఆనించి మూడుసార్లు తంటాలు పడ్డావు. నేను చూసినాను. నీ మాట నీకే తిరిగి అప్పజెప్పుదామని నోటిదాకా వచ్చింది. మింగినాను. నీ భార్య గీతను అడిగితే, "మెట్లు ఎక్కుడు బందు పెట్టిండు బావా. ఎవ్వలకు చెప్పద్దన్నడు" అని ఏడ్చింది. సిగ్గా నీకు? నన్ను ఊరందరి ముందు నిలబెట్టినప్పుడు ఎక్కడ పోయింది ఆ సిగ్గు?

ఫోన్ చేస్తే "ఆఁ, మంచిది" అని పెట్టేస్తావు, అందుకే ఈ కాగితం. నాలుగో తరగతి చదువుతో రెండు పూటలు రాసినాను. తప్పులు ఏరకుండా చదువు.

ఇరవై రెండో తారీఖు, గురువారం, పొద్దున పది గంటలకు నువ్వు కొడకండ్ల నుంచి భూపాలపల్లి దవాఖాన గేటు దగ్గరికి రావాలి. ముందు నీ తొడ ఆ మిషను కింద పెట్టు. నల్లగా వస్తే, నన్ను ఊరందరి ముందు మళ్లీ దుంగ అను, పడతాను. తెల్లగా వస్తే నాకు క్షమాపణ వద్దు. కాలు మడతపడితే ఎట్లుంటదో అప్పటికే నీకు తెలిసి ఉంటుంది. అదే చాలు.

వస్తావో రావో ఇరవై లోపల చెప్పు. చెప్పకపోతే ఇరవై ఒకటిన బస్సెక్కి నేనే వస్తాను. ఈ కాళ్లతోనే.

నీ అన్న
కొమురెల్లి