నెటాల్ రేవుకు పద్మమ్మ వస్తున్నది

తర్లుపాడు,
1908 సెప్టెంబరు.

చిరంజీవి చెంచయ్యకు అన్న కాశయ్య దీవించి రాసేది. నీ ప్రార్థనల సాయం లేకుండానే ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వు క్షేమమని నువ్వే రాశావు కాబట్టి నమ్ముతున్నాను.

నీ ఉత్తరం, అందులో పెట్టిన ఫొటో అందాయి. రేకుల కొట్టం ముందు కోటు తొడుక్కుని, పుస్తకం చంకన పెట్టుకుని నిలబడ్డావు. నీ చుట్టూ పద్నాలుగు మంది ఉన్నారు. వాళ్ళలో ఇద్దరు కూర్చునే నిద్రపోతున్నారు. సముద్రం దాటిపోయి నాలుగేళ్ళలో నువ్వు పోగుచేసింది ఇంతమందినా? మన సంతలో పళ్ళపొడి అమ్మేవాడి చుట్టూ ఇంతకన్నా ఎక్కువమంది చేరతారు, మేలుకునే ఉంటారు.

వాన పడిందా అని అడిగావు. పడింది. నువ్వు మోకరించకపోయినా అంతే పడేది. కొర్ర బాగుంది, జొన్న ఫరవాలేదు. గొర్రెలకు గాలికుంటు వచ్చి పోయింది. మీ వదిన శ్రీశైలమ్మకు కోపం తగ్గిందా అని అడిగావు. తగ్గలేదు, తగ్గే సూచనలూ లేవు.

కొట్టం కురుస్తున్నదనీ, బియ్యంలో పురుగులనీ, నీ బట్టలు నువ్వే ఉతుక్కుంటున్నావనీ రాసి, చివర సంతోషంగా ఉన్నానన్నావు. నీళ్ళు కాచి తోడిపెట్టకపోతే స్నానం చెయ్యనని అలిగినవాడివి నువ్వు. నాలుగు జతల ఎద్దులూ, రెండు బావుల కింద మాగాణీ ఉన్న ఇంట్లో పుట్టి, తోటలో చెరకు నరికే కూలీల గుడిసెల వెంట గొడుగేసుకుని తిరగడం సంతోషమంటే, అది నాకు అర్థమయ్యే సంతోషం కాదు. ఆ రోజు మార్కాపురం మిషను బంగళాలో సభ పెట్టి, ఆఫ్రికాలో నెటాల్ అనే చోట చెరకు తోటలకు పోయిన మనవాళ్ళకు తెలుగులో వాక్యం చెప్పే దిక్కు లేదన్నారట. నువ్వు వెంటనే లేచి నిలబడ్డావట. ఇంటి దగ్గర గడ్డిమోపు ఎత్తమంటే లేవడానికి నీకు ఒక పూట పట్టేది. నాయన పోయాక నిన్ను ఈ చేతులతో పెంచాను. నన్ను ఒక్క మాట అడిగావా? ఇంట్లో పడుచు పెళ్ళాం ఉంది, ఆమెనైనా అడిగావా? స్థలం కుదిరాక పిలిపిస్తానని చెప్పి బండెక్కావు.

ఇక నీ చివరి ప్రశ్నకు వస్తాను. పద్మమ్మ మనసు ఇప్పటికైనా మారిందా అని అడిగావు. దీనికి జవాబు రాయడానికి మూడు రోజులుగా కాగితం ముందు కూర్చుంటున్నాను.

ఆమె మనసు మారడానికి ఏమీ లేదు. రమ్మని నువ్వు రాసిన నాలుగు ఉత్తరాలూ ఆమెకు చదివి వినిపించలేదు. భోషాణంలో అడుగున పెట్టాను. రానన్నదని నీకు రాసింది నేను. ఆమె ఆ మాట అనలేదు. నువ్వు పిలవనే లేదని ఆమెకు చెప్పింది కూడా నేనే. మేతకు పోయిన ఆవు తిరిగి రావాలని దూడను ఇంటి దగ్గర కట్టేస్తాం. నేను చేసింది అదే. ఆమె ఇక్కడుంటే ఎప్పటికైనా వస్తావనుకున్నాను.

బయటపెట్టింది నీ స్నేహితుడు, ఊరవతలి అంటరానివాళ్ళ పాలెం బడి పంతులు యేసుదాసు. భార్య ఎందుకు రానంటున్నదో కనుక్కోమని అతనికి కూడా రాశావట. అతను మన దొడ్డి గోడ అవతల నిలబడి, ప్రయాణానికి భయమా అమ్మా అని పద్మమ్మను అడిగాడు. ఏం ప్రయాణమని ఆమె అడిగింది. అంతటితో అంతా తెలిసిపోయింది.

నాలుగేళ్ళుగా ఆమె నాకు ఎదురుపడి మాట్లాడింది లేదు. ఏది చెప్పినా తలుపు చాటునుంచే. ఆ రోజు నేరుగా నా ముందుకు వచ్చి చెయ్యి చాచింది. ఉత్తరాలు తీసి ఇచ్చాను. యేసుదాసును పిలిచి మన అరుగు మీద కూర్చోబెట్టి, నాలుగూ చదివించుకుంది. పాలెం మనిషి మన అరుగు మీద కూర్చుంటే నేను లేవమనలేదు. ఆ మాట అనే ముఖం నాకు లేదు.

అతను వెళ్ళాక అంది: "మీరు దాచినారు బావా. ఆయన నమ్మినాడు. నేను రానన్నానంటే, ఆ మాట ఆమె నోట విని రాయండి అని ఒక్కసారన్నా అడిగినాడా? మీ ఇద్దరితోనూ నాకు మాటలున్నాయి. మీతో అయిపోయినాయి."

మీ వదిన ఏడ్చింది, బతిమాలింది. పద్మమ్మ మెత్తబడలేదు, నీ దగ్గరికి వచ్చి తీరుతానంది. నీకున్న మొండితనం ఆమెకూ ఉంది, కాకపోతే ఆమెది బుద్ధి ఉన్న మొండితనం.

నేనే బండి కట్టి మార్కాపురం తీసుకుపోయాను. నీ బాప్తిస్మం నాడు కూడా తొక్కని మిషను గడప తొక్కాను. మతంలో కలుస్తావా అని దొరసాని అడిగింది. "ముందు మొగుణ్ణి చూడనీయమ్మా. మీ దేవుడి సంగతి ఆనక చూస్తా" అంది పద్మమ్మ. దొరసాని నవ్వింది. నాకు కూడా నవ్వు వచ్చిందని నీకు చెప్పడానికి సిగ్గుగా ఉంది.

నెల్లూరు వైపు దంపతులు, మీ మతంవాళ్ళే, నెటాల్ వస్తున్నారు. వాళ్ళ తోడుతో వచ్చే నెల చెన్నపట్నంలో ఓడ ఎక్కుతుంది. ఈ ఉత్తరం అంతకు ముందు ఓడలోనే వస్తుంది. కొట్టం కప్పు బాగుచేయించు. మంచి బియ్యం చూడు. ఆమె వెంట మీ వదిన గోంగూర పచ్చడి జాడీ పంపింది. అది నీ కోసం కాదట, పద్మమ్మ కోసమట.

ఓడ వచ్చే రోజు కనుక్కుని పొద్దున్నే రేవులో ఉండు. ప్రార్థన ఉందనీ, తోటలో ఎవరికో జ్వరమనీ, ఆమెను మూటలతో అక్కడ నిలబెట్టావా, నీకు అన్న లేడనుకో. నిన్ను చూడగానే ఏమంటుందో నాకు తెలియదు. ఏమన్నా సరే, అడ్డం మాట్లాడకు. వాక్యాలు చెప్పకు. తల వంచుకుని చివరిదాకా విను. నేను విన్నాను.

ఇట్లు,
నిన్ను పెంచిన పాపానికి ఇంకా నీ అన్న,
కాశయ్య.