మన ఇంటిపేరు పెట్టిన పురుగు

మార్చి 4, బుధవారం

అక్కా,

ఈ పొద్దున వేటగాడు తెచ్చిన నక్క పేగు కోస్తే రెండు పురుగులు కలిసే బయటపడ్డాయి. సన్నది తోకతో లావుదాన్ని పట్టుకుని ఉంది. విడదీయబోయినా వదల్లేదు. మైక్రోస్కోపు కింద చూశాక తెలిసింది. అవి మగా ఆడా, ఒకే జాతి!

మా మాస్టారు తన వ్యాసంలో వాటిని రెండు జాతులని రాశారు. సన్నదాన్ని మొదట చూసింది నేనని దానికి మన ఇంటిపేరు పెట్టారు. రేపు శాస్త్రవేత్తల సభలో ఆ వ్యాసం చదువుతారు. ఆ పేరు వల్లే కదా నాన్న నా పెళ్లిమాట ఆపి, "పురుగైతేనేం, మన పేరు పుస్తకంలోకెక్కుతోంది. ఇంకో ఏడాది చదువుకోనీ" అన్నారు!

ఇందాక మాస్టారు పక్కగదిలో కోటు దులుపుకుంటూ, "ఏమ్మా, మీవాడు కులాసాయేనా?" అని మన పేరు పెట్టిన పురుగు గురించి కేకేశారు. "కులాసాయేనండీ" అన్నాను. నిజం చెబితే ఆ కొత్త పేరు చెల్లదు, దాంతో నా చదువూ పోతుంది. పరాన్నజీవి అంటే పరుల అన్నం మీద బతికేదని నీకు మురిసిపోతూ రాశాను. చెప్పకపోతే, తప్పుడు పేరు మీద బతికేదాన్ని నేనవుతాను.

రేపు పొద్దున్నే, మాస్టారు కోటు తొడుక్కోకముందే, ఆ జంటను మైక్రోస్కోపు కింద పెట్టి "ఒక్కసారి చూడండి" అంటాను. నాన్నకు మాత్రం నువ్వే చెప్పు. భోజనమయ్యాక చెప్పు.

నీ చెల్లి