అలల అంచున వదిలిన తెలుపు

నిజామాబాద్, 1936 ఏప్రిల్, శనివారం రాత్రి

మనవరాలి బొమ్మను ఈరోజు నేనే పాడు చేశాను.

సుగుణ నీళ్లరంగులతో సముద్రపు ఒడ్డు వేసింది. ఇసుక, రెండు పడవలు, నీలం నీళ్లు అన్నీ కుదిరాయి. అలల అంచున మాత్రం కాగితం అక్కడక్కడ ఖాళీగా కనిపించింది. ఈ ఇంట్లో సముద్రాన్ని చూసింది నేనొక్కదాన్నే, అదీ బందరులో ఒకేసారి. ఆ ధీమాతో, "సముద్రంల సందులుంటయా? నిండ పూసేదాక లేవకు" అన్నాను. పిల్ల ఆ సందులన్నీ నీలంతో పూసింది.

ఆరాక చూస్తే అలలు లేవు, నీలం గోడలా ఉంది. "నురుగేది?" అని అడిగాను.

"నువ్వు నింపమన్న సందులే నురుగవ్వా."

"అయితే ఇప్పుడు తెల్లరంగు పెట్టు."

"నీళ్లరంగుల్ల తెలుపు పెట్టరవ్వా. కాయితాన్నే ఇడిసిపెట్టాలె."

"గా మాట అప్పుడే చెప్పొద్దా?"

"నీకు చెప్పేటోళ్లెవరు?" అంది తల ఎత్తకుండానే.

సోమవారం ఆ బొమ్మ హైదరాబాదుకు పోవాలి. అది నచ్చితేనే సుగుణకు అక్కడి బొమ్మల బడిలో చోటు దొరుకుతుంది. ఇంట్లో మందపు కాగితం ఇంకొకటి లేదు. ఇక్కడి పంతులమ్మ దగ్గర ఉంటుంది. ఆమె చిన్నప్పుడు నా దగ్గరే అక్షరాలు దిద్దింది. ఒక్క తప్పుకు గంటసేపు నిలబెట్టేదాన్ని. రేపు పొద్దున్నే ఆమె గడప ముందు నేను నిలబడతాను. తప్పు నాదని చెప్పి కాగితం అడుగుతాను.

సుగుణ మళ్లీ వేస్తున్నంతసేపు వాకిట్లోనే కూర్చుంటాను. పిలిస్తేనే లోపలికి పోతాను. పిలుస్తుందో లేదో...